మా నాయన మారుతి 800 ఫ్లోరుకు తుప్పు పట్టి చిల్లు పడింది. బండిని నిలబెట్టుకునే దారి చెప్పండి

పాతబండి_తిరుపతి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు వైపు. మా నాయన 1997లో కొన్న తెల్ల మారుతి 800 ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. నాలుగు గేర్ల బండి, కార్బ్యురేటర్. ఇంజను గురించి నాకు ఏ బెంగా లేదు. మార్గశిరం చలిలో కూడా చోక్ లాగి తాళం తిప్పితే రెండోసారికి అందుకుంటుంది. బెంగంతా తుప్పు గురించే.

డ్రైవరు వైపు తలుపు కింది అంచున రెండేళ్ళుగా రంగు పొక్కులు పొక్కులుగా లేస్తోంది. ఎండకు లేచిందిలే అనుకున్నాను. పోయిన ఆదివారం బొటనవేలితో ఒక పొక్కును నొక్కితే అప్పడం విరిగినట్టు విరిగి, వెనక నుంచి ఎర్రటి పొడి రాలింది. అప్పుడు భయం వేసి లోపల మ్యాట్ ఎత్తి చూశాను. దాని కింద నల్లటి ఫెల్టు ఉంటుంది కదా, అది తడిసిన బొంతలా బరువుగా ఉంది. పిండితే గోధుమరంగు నీళ్ళు కారాయి. వాన పడి అప్పటికి పదిహేను రోజులు దాటింది. ఫెల్టు పక్కకు తీసి స్క్రూడ్రైవరుతో రేకును మెల్లగా పొడిస్తే మొన లోపలికి దిగిపోయింది. ఆ చిల్లులోంచి కింద సిమెంటు నేల కనబడింది. అంచులు వేలితో తాకితే పొరలు పొరలుగా ఊడి వస్తున్నాయి. చిల్లు నాలుగు వేళ్ళ వెడల్పు ఉంది, డ్రైవరు సీటుకు కొంచెం ముందు.

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు మా వీధిలో బండి ఒక రాత్రి, మరుసటి పూట నీళ్ళలో ఉండిపోయింది. తర్వాత సీట్లు, మ్యాట్లు ఎండలో వేశాం కానీ ఫెల్టు తీయాలని మాకు ఎవరికీ తోచలేదు.

రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో చూపించాను. పైన పుట్టీ వేసి రంగు కొట్టి, అడుగున నల్లటి కోటింగ్ వేయడానికి 18,000 అడిగారు. ఇంకొక చోట పాత ఇనుముకు వేసేయమన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. 2022లో ఆర్‌సీ రెన్యువల్‌కు నాయనే స్వయంగా నడుపుకుంటూ వెళ్ళారు. ఆ ఏడాదే ఆయన పోయారు. వచ్చే రెన్యువల్ 2027లో. అమ్మ తిరుచానూరు వెళ్ళాలంటే ఇప్పటికీ ఈ బండిలోనే కూర్చుంటుంది.

బండిని కాపాడుకోవచ్చా? ఇంట్లో నేను చేసుకోగలిగింది ఎంత, షెడ్డులో చేయించాల్సింది ఎంత? తెలిసినవారు వివరంగా చెప్పండి.

టింకరింగ్_చిత్తూరు:

తమ్ముడూ, బండిని కాపాడుకోవచ్చు. ముప్పై ఏళ్ళుగా చిత్తూరులో ఇదే పని చేస్తున్నాను, ఇంతకంటే పాడైన 800లు లేచి తిరిగాయి. కానీ ఆ పుట్టీ పని మాత్రం ఒప్పుకోవద్దు. తుప్పు మీద పుట్టీ వేసి రంగు కొడితే ఆరు నెలలు అద్దంలా ఉంటుంది, ఒక్క వానాకాలం దాటగానే మళ్ళీ పొక్కులు లేస్తాయి. అప్పటికి లోపల రేకు ఇంకా పోయి ఉంటుంది.

ముందు ఒక సంగతి అర్థం చేసుకో. లారీకి ఉన్నట్టు మారుతి 800కు విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, పక్కల రన్నింగ్ బోర్డులు (తలుపుల కింద పొడుగునా ఉండే బోలు రేకు పెట్టెలు), స్తంభాలు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన పెట్టె అది. ఆ పెట్టే బండి బలం. సీటు బోల్టులు, సీటు బెల్టు బోల్టులు పట్టుకుని ఉండేది ఆ రేకునే. అందుకే తలుపు అంచున చిల్లు వేరు, సీటు ముందు చిల్లు వేరు. మొదటిది అందానికి సంబంధించింది. రెండోది మీ అమ్మగారి ప్రాణానికి సంబంధించింది. ఫ్లోరుకు ఫైబర్ గుడ్డ అంటించి ఎం-సీల్ పూసే పని ఎవరైనా చేస్తామంటే బండి వెనక్కు తెచ్చుకో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. రెండు ముందు సీట్లు విప్పు, మ్యాట్లు, ఫెల్టు మొత్తం బయటికి తీయి. ఆ ఫెల్టు మళ్ళీ వేయకు, పారేయి. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పు. పట్టు వదిలిన చోట పాత పుట్టీ ఉన్నట్టు. స్క్రూడ్రైవరు పిడితో తట్టు. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు అట్టముక్కలా మొద్దుగా పలుకుతుంది. చూడాల్సిన చోట్లు ఇవి: నాలుగు తలుపుల కింది అంచులు, వెనక చక్రాల పైన వంపు లోపలివైపు, బ్యాటరీ కింద రేకు, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు అద్దం బీడింగ్ (అద్దాన్ని పట్టుకునే రబ్బరు పట్టీ) చుట్టూ, జాకీ పెట్టే చోటు. జాకీ ఎత్తినప్పుడు అక్కడ రేకు నలిగితే అసలు ఎత్తకు, కింద పడుకోకు.

తర్వాత నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. 2021 వరద నీళ్ళు ఇన్నాళ్ళు నిలవ ఉండవు, కొత్త నీళ్ళు వస్తున్నాయి. ఇద్దరు కావాలి. ఒకరు టార్చి పట్టుకుని లోపల డ్యాష్‌బోర్డు కింద తల పెట్టాలి. ఇంకొకరు బయట పైపుతో నీళ్ళు వదలాలి. ముందు చక్రం దగ్గర నుంచి మొదలు పెట్టి, తర్వాత తలుపు రబ్బరు, తర్వాత వైపర్ల కింద జాలీ, చివర అద్దం బీడింగ్. ఒక్కోచోట ఐదు నిమిషాలు. కింది నుంచి పైకి రావాలి, పై నుంచి పోస్తే నీళ్ళు అన్ని చోట్లకూ పారి ఏది కారుతోందో తెలియదు. ఈ చూపు లేకుండా వెల్డింగ్ చేయిస్తే డబ్బు నీళ్ళలో పోసినట్టే.

ఫ్లోరు పని షెడ్డులోనే. గ్యాస్ వెల్డింగ్ వద్దు, సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వదులుతూ సన్న తీగతో చేసే కరెంటు వెల్డింగ్) ఉన్న చోటుకే వెళ్ళు. ఈ బండి రేకు మిల్లీమీటరు కూడా ఉండదు, గ్యాస్ మంటకు చుట్టూ జానెడు మేర వేడెక్కి వంకర పోతుంది. చిల్లు చుట్టూ రేకు మెరిసే మంచి లోహం కనబడేదాకా కోయాలి. నాలుగు వేళ్ళ చిల్లు కోసేసరికి రెండు అరచేతులంత అవుతుంది, చూసి గుండె జారకు. 20 గేజి రేకుతో ముక్క కత్తిరించి, చుక్క చుక్కగా ఇక్కడొకటి, ఎదురుగా ఒకటి పెట్టుకుంటూ పోవాలి. ఒకే వరసలో లాగితే రేకు ఉబ్బుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి. పెట్రోలు ట్యాంకు వెనక సీటు వైపు ఉంటుంది, అటు పని ఉంటే ట్యాంకు దించకుండా మంట ముట్టించనివ్వకు. అతుకు మీద సీలర్ పూయించు, పైనా కిందా రెండు వైపులా.

తలుపు పొక్కుల పని నువ్వే చేసుకోవచ్చు. కళ్ళద్దాలు, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకో. పొక్కు ఉన్న చోటికి రెండు అంగుళాలు అవతల దాకా 80 నంబరు ఎమరీతో గీకు. గుంటల్లో నల్ల చుక్కలు మిగులుతాయి, అవి తుప్పు వేర్లు, వైరు బ్రష్షుతో తవ్వు. తర్వాత 120, ఆపైన 220. అయినా గుంటల్లో మరక మిగిలితే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, అందులో చెప్పినట్టే కడిగి ఆరబెట్టు. థిన్నరుతో తుడిచి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టు. ఒట్టి లోహాన్ని రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పుట్టీ కావాలంటే ఆ ప్రైమర్ మీద పల్చగా వేసుకో, దాన్ని నీళ్ళతో రుద్దకు. పుట్టీ స్పాంజిలాంటిది, తాగిన నీళ్ళను దాచుకుంటుంది. పైరంగు మాత్రం పీయూ (పాలీయురేథేన్, హార్డెనర్ కలిపి కొట్టే రంగు) వేయించేటట్టయితే షెడ్డుకే ఇవ్వు. దాని హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, ఇంటి వసారాలో కొట్టేది కాదు.

రసాయనశాస్త్రం_మాస్టారు:

పై మిత్రుడు చెప్పిన పద్ధతి సరైనది. అది ఎందుకు సరైనదో నేను చెబుతాను. మదనపల్లెలో పాతికేళ్ళు హైస్కూలు పిల్లలకు భౌతిక రసాయన శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను.

పిల్లలకు మూడు పరీక్షనాళికల ప్రయోగం చేయించేవాణ్ణి. ఒకదానిలో మామూలు నీళ్ళు, మేకులు. రెండోదానిలో మరగబెట్టిన నీళ్ళు, పైన నూనె పొర. మూడోదానిలో తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్. కొన్ని రోజులకు మొదటి నాళికలో మేకులే తుప్పు పడతాయి. నీరు ఒక్కటే చాలదు, గాలి ఒక్కటే చాలదు, రెండూ కలవాలి. మీ బండి అడుగున ఉన్న తడి ఫెల్టు అచ్చం ఆ మొదటి నాళిక. నీరు నిండా ఉంది, గాలీ ఆడుతోంది. వరదలో మునిగిన ఆ రాత్రి, మరుసటి పూట కంటే ఆ తర్వాత తడిగా గడిచిన నెలలే రేకును ఎక్కువ తిన్నాయి.

రాగి పాత్రకు చిలుము పడితే అది గట్టిగా అంటుకుని కింది లోహాన్ని కొంతవరకు కాస్తుంది. ఇనుము తుప్పు అలా కాదు. పోయిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, గుల్లగా ఉంటుంది, పొరలుగా ఊడిపోయి కొత్త ఇనుమును బయట పెడుతుంది. రెండు రేకులు కలిపి మడిచిన అంచులో తుప్పు పుడితే ఆ ఉబ్బుకు మడత విచ్చుకుంటుంది. తలుపు కింద మీరు చూసింది అదే. అంటే మీ పొక్కు బయట పుట్టింది కాదు, లోపల పుట్టి బయటికి వచ్చింది. బయటివైపు మాత్రమే బాగుచేస్తే సగం పనే.

పుట్టీ కింద తుప్పు ఎందుకు వేగంగా తింటుందో కూడా చెప్పాలి. తడి ఉన్న ఇనుము మీద ఒకచోట గాలి బాగా అంది, పక్కన తక్కువ అందితే, గాలి తక్కువ అందిన చోటే ఇనుము కరుగుతుంది. పుట్టీ, మట్టి, తారు పొర కప్పిన చోటు అదే కదా. మూత కింద గుంట లోతవుతూ ఉంటుంది, పైకి ఏమీ కనబడదు.

ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును కరిగించి, ఇనుము మీద పల్చటి ఫాస్ఫేట్ పొరను వదులుతుంది. ఢిల్లీ కుతుబ్ ఆవరణలోని ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్ళుగా నిలిచి ఉండటానికి ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండటం ఒక ముఖ్య కారణం. అక్కడి పొర ఏర్పడిన తీరు వేరు. అయినా పాఠం చెప్పేటప్పుడు ఆ స్తంభాన్ని తలుచుకోకుండా ఉండలేను. ఒక్క జాగ్రత్త: కన్వర్టర్ పల్చటి తుప్పు మీదే పనిచేస్తుంది. పెళుసుగా లేచే పొరల మీద పోస్తే పై పొర నల్లబడి, కింద యథాప్రకారం తింటూనే ఉంటుంది.

చిన్న బోల్టులు, తలుపు కీళ్ళ పిన్నులు ఉంటే ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఎండబెట్టి నూనె రాయండి. బ్యాటరీ కింద తెల్లటి పొడి కనబడితే దానికీ ముందు వంటసోడా నీళ్ళే.

అంబాసిడర్_చంద్రగిరి:

మా ఇంట్లో అంబాసిడర్ ఉన్న రోజుల్లో ప్రతి దసరాకు ముందు పాత ఇంజనాయిలు బ్రష్షుతో అడుగంతా పూసేవాళ్ళం. ఆయుధపూజకు బండి కడిగి, నూనె పూసి, తర్వాతే నిమ్మకాయలు, గుమ్మడికాయ. ఆ బండి అడుగు ఎప్పుడూ తుప్పు పట్టలేదు. అంత ఖర్చు పెట్టే ముందు అది ప్రయత్నించి చూడకూడదా?

టింకరింగ్_చిత్తూరు:

అన్నా, మీ కాలంలో అది పనిచేసింది, కాదనను. అంబాసిడర్ రేకు మందం కూడా వేరు. కానీ పాత ఇంజనాయిలులో ఆమ్లాలు, మసి చేరి ఉంటాయి. రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం, వానకు కడుక్కుపోయి బావి నీళ్ళలో కలుస్తుంది. ఇప్పుడు దానికి బదులు క్యావిటీ వ్యాక్స్ దొరుకుతుంది. సన్నటి పొడుగు గొట్టం ఉన్న డబ్బా. రన్నింగ్ బోర్డు లోపల, తలుపుల లోపల, చేయి పట్టని చోటంతా చల్లుకోవచ్చు. మైనంలా అంటుకుని, సందుల్లోకి పాకుతుంది.

తమ్ముడూ, నీకు నేను చెప్పడం మరిచిన ముఖ్యమైన మాట ఇదే. ఫ్లోరుకు వెల్డింగ్ చేసినప్పుడు వెనకవైపు ఉన్న పాత రంగు కాలిపోతుంది. ఆ వైపు కంటికి కనబడదు, బ్రష్షు వెళ్ళదు. చాలామంది అక్కడే వదిలేస్తారు. రెండేళ్ళకు కొత్త ముక్క అతుకు పక్కనే మళ్ళీ చిల్లు పడేది అందుకే. వెల్డింగ్, ప్రైమరు, రంగు అన్నీ ఆరిన తర్వాత ఆ లోపలికి వ్యాక్స్ కొట్టించు. నీ కళ్ళ ముందే కొట్టించు. అడుగున నల్లటి కోటింగ్ వేయించేదీ అప్పుడే, తుప్పు ఒక్క చుక్క కూడా లేని రేకు మీద.

ఇంకొకటి. తలుపు కింది అంచున, రన్నింగ్ బోర్డు అడుగున సన్నటి కంతలు ఉంటాయి, నీళ్ళు పోయేందుకు కంపెనీ పెట్టినవి. తలుపు అద్దం మీద పడిన వాన ఎప్పుడూ తలుపు లోపలికి దిగుతుంది, అది తప్పు కాదు, ఆ కంతల్లోంచి బయటికి పోవాలి. దుమ్ము, పాత రంగు చేరి అవి మూసుకుపోతే తలుపు తొట్టి అయిపోతుంది. సైకిల్ పుల్లతో పొడిచి తెరువు. వ్యాక్స్ కొట్టిన తర్వాత మళ్ళీ ఒకసారి పొడువు.

ఉప్పుగాలి_సూళ్ళూరుపేట:

మాది పులికాట్ దగ్గర. ఇక్కడి గాలికే ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పును తొందర చేస్తుంది. తిరుపతిలో మీకు ఆ బాధ లేదు కానీ సముద్రం వైపు వచ్చి వెళ్ళినప్పుడల్లా మంచినీళ్ళతో అడుగు కడగండి. చక్రాల వంపు లోపల మడతలో చేరిన మట్టిని చేత్తో తీయండి, పైపు నీళ్ళకు అది పోదు. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పవద్దు. లోపల చెమట పడుతుంది. మట్టి నేల మీద, గడ్డి మీద నిలపకుండా సిమెంటు మీద నిలపండి. వారానికి ఒకసారి ఎండలో తలుపులు నాలుగూ తెరిచి పెట్టండి. మా ఇంట్లో 2003 బండి ఈ పద్ధతి మీదే నడుస్తోంది.

పాతబండి_తిరుపతి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. అన్నా, మీరు చెప్పినట్టే ఈ శనివారం సీట్లు విప్పాను. మా బావమరిది పైపు పట్టుకున్నాడు, నేను టార్చితో లోపల పడుకున్నాను. చక్రం దగ్గర ఏమీ లేదు, తలుపు రబ్బరు దగ్గర ఏమీ లేదు, వైపర్ల దగ్గరా ఏమీ లేదు. చివరికి అద్దం మూలకు రాగానే ఒక నిమిషం ఆగి, డ్యాష్‌బోర్డు వెనక నుంచి ఒక చుక్క వైరు వెంబడే జారి వచ్చి, సరిగ్గా ఆ చిల్లు ఉన్న చోట నా కళ్ళ ముందు పడింది. తర్వాత ఇంకొకటి. ఇన్నేళ్ళుగా ప్రతి వానకూ ఇలాగే పడుతూ ఉందన్నమాట. ఫెల్టు తాగేసి ఒక్క చుక్కనూ మాకు చూపించలేదు.

తలుపు కంతలు నాలుగింట్లో మూడు పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. డ్రైవరు వైపుది పుల్లతో పొడవగానే అర చెంబు ఎర్రటి నీళ్ళు కారాయి.

సీట్ల కింద శుభ్రం చేస్తుంటే ఒక తిరుమల లడ్డూ కవరు, నాయన వేలిముద్రలు పడిన పాత పెట్రోలు బిల్లు ఒకటి దొరికాయి. అంకెలు చెరిగిపోయాయి. బిల్లును అమ్మకు ఇచ్చాను.

సీట్ల బోల్టులు పట్టుకున్న రేకు గట్టిగానే ఉంది, తట్టితే ఖంగుమంటోంది. ప్రయాణికుల వైపు ఫ్లోరులో గుంటలు ఉన్నాయి కానీ పొడిస్తే దిగడం లేదు. సీఓటూ వెల్డింగ్ చేసే షెడ్డు ఒకటి దొరికింది, వచ్చే వారం తీసుకురమ్మన్నారు. ఇప్పుడు నా సందేహం ఒకటే. అద్దం మూల బీడింగ్ చుట్టూ పైనుంచి సిలికాన్ పూస్తే సరిపోతుందా, అద్దం తీయించాలా?

టింకరింగ్_చిత్తూరు:

తీయించాలి తమ్ముడూ. పైన సిలికాన్ పూస్తే నీళ్ళు లోపల ఇంకొక దారి వెతుక్కుంటాయి. పైగా కొన్ని రకాల సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది చూడు, ఆ ఆమ్లమే రేకును తింటుంది. ఇరవై ఎనిమిదేళ్ళ రబ్బరు ఎండకు బిగుసుకుపోయి ఉంటుంది, ఇక మెత్తబడదు.

ఫ్లోరు వెల్డింగ్‌కు ముందే అద్దం పని చేయించు. కొత్త బీడింగ్ ముందే కొని పెట్టుకో. బీడింగ్ లాగి అద్దం తీయగానే ఫ్రేము కింది మూలలు చూడు. అక్కడ తుప్పు ఉంటే తలుపుకు చెప్పినట్టే గీకి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, రంగు వేసి, బాగా ఆరనివ్వు. తొందరపడి అదే సాయంత్రం అద్దం పెట్టవద్దు. ఒకవేళ మూలల్లో చిల్లు కనబడితే పని ఆపి, దగ్గర నుంచి, వెలుతురులో, రెండు వైపులా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. చూసి చెబుతాను.